ఎలుకకి పంచె కట్టి అమ్ముకునేదాన్ని

ఇక్కడ డల్లాస్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా "మీరేం చేస్తుంటారండీ?" అన్న ప్రశ్న పప్పులోకి నెయ్యి వచ్చేలోపే వచ్చేస్తుంది. ఒకప్పుడు "ఏవో క్రాఫ్ట్స్ చేస్తానండీ" అని తప్పించుకునేదాన్ని, అవతలావిడ "అంటే క్విల్లింగా?" అనేది, నేను తలూపేదాన్ని. ఇప్పుడు చెప్పేస్తున్నా. చచ్చిన పురుగులు, ఎలుకలు, జంతువుల పుర్రెలు శుభ్రం చేసి, అద్దాల పెట్టెల్లో అమర్చి, వ్యాన్‌లో వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముతాను. ట్యాక్సిడెర్మీ (చచ్చిన జంతువు చర్మం వలిచి, లోపల దూది కూరి బొమ్మలా నిలబెట్టడం), పురుగుల పిన్నింగ్, ఎముకల ఆర్ట్, అన్నీ కలిపి ఇక్కడ ఆడిటీస్, అంటే వింత వస్తువులు, అంటారు. ఈ సంగతి బయటపడ్డాక పాట్‌లక్‌కి నేను తీసుకెళ్ళిన పులిహోర గిన్నె చాలాసార్లు నిండుగానే ఇంటికొస్తోంది, సరే, అది వాళ్ళిష్టం, మా ఆయనకి మర్నాడు లంచ్‌కి పనికొస్తోంది.

ఈ షోలు ఎలా ఉంటాయంటే, పెద్ద ఎక్స్‌పో హాలు, పదడుగులకి పదడుగుల బూత్‌లు వరసగా. ఆడిటీస్ అండ్ క్యూరియాసిటీస్ ఎక్స్‌పో అని ఒకటి 2017లో ఓక్లహోమాలోని తుల్సాలో మొదలై ఇప్పుడు అమెరికాలో చాలా ఊళ్ళు తిరుగుతోంది, అలాంటివి చిన్నవీ పెద్దవీ ఇంకా బోలెడున్నాయి, కొన్నయితే బీరు తయారుచేసే చోట వెనక పార్కింగ్‌లో టెంట్లు వేసి పెట్టేస్తారు. నా పక్క బూత్‌లో పాతకాలం డాక్టర్ల కత్తులూ కత్తెర్లూ ఉంటాయి, దాని పక్కన విక్టోరియన్ కాలంలో చనిపోయినవాళ్ళ జుట్టుతో అల్లిన పూలదండలు, ఆ పక్కన టారో కార్డులు, ఎదురుగా కోతి మొండేనికి చేప తోక కుట్టిన "మత్స్యకన్య". ఇలాంటి అతుకు బొమ్మల్ని గాఫ్ అంటారు. 1842లో బార్నమ్ అనే ప్రదర్శనల వ్యాపారి న్యూయార్క్‌లో ఫీజీ మత్స్యకన్య అని ఇలాంటిదాన్నే చూపించి డబ్బు చేసుకున్నాడు. ఇప్పటి గాఫ్‌లు చాలామటుకు మట్టి, రెజిన్, చేప చర్మంతో చేసినవే, కొనేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. వయోమింగ్‌లోని డగ్లస్ అనే ఊళ్ళో 1930ల్లో కుందేలు తలకి జింక కొమ్ములు పెట్టి జాకలోప్ అని తయారుచేస్తే ఆ ఊరు ఇప్పటికీ దాని పేరు చెప్పుకునే బతుకుతోంది. అంటే జనానికి ఇలాంటివాటి మీద మోజు కొత్తదేం కాదు.

వచ్చేవాళ్ళు ఎవరనుకున్నారు? నల్ల లిప్‌స్టిక్కులు, ఒళ్ళంతా టాటూలు ఉన్నవాళ్ళు ఉంటారు, నిజమే. కానీ నా దగ్గర ఎక్కువ కొనేది నర్సులు, స్కూల్ టీచర్లు, పురుగుల పిచ్చి ఉన్న పిల్లల్ని వెంటపెట్టుకొచ్చే తండ్రులు. వీళ్ళలో ఎవరైనా సరే, ధర కంటే ముందు అడిగేది ఒకటే: "ఇది ఎలా చచ్చింది?" దానికి కళ్ళలోకి చూసి జవాబు చెప్పలేనిది నా టేబుల్ మీదకి రాదు. వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నైపుణ్యమే అంతా అనుకున్నాను గానీ, ఏళ్ళు గడిచేకొద్దీ తెలిసింది, కత్తి పట్టే టైమ్ కంటే కాగితాలు ఫైల్ చేసే టైమే ఎక్కువని.

ముందు సీతాకోకచిలుకల గురించి చెప్తాను, ఎందుకంటే ఇల్లు గడిచేది వాటితోనే. మార్ఫో అని దక్షిణ, మధ్య అమెరికాల్లో ఉంటుంది, లోహంలాగా మెరిసే నీలం. పెరూ, కోస్టారికా లాంటి చోట్ల వీటిని ఫారాల్లో పెంచుతారు, రెక్కలొచ్చాక వాటి ఆయుష్షు కొన్ని వారాలే. నాకు వచ్చేటప్పటికి రెక్కలు మూసుకుని, మూడు మూలల పారదర్శక కాగితం కవర్లో, అప్పడంలా పెళుసుగా ఉంటుంది. ముట్టుకుంటే పొడి. దాన్ని మెత్తబరచాలి: మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడి పేపర్ టవల్, బూజు పట్టకుండా నాలుగు చుక్కల డెట్టాల్, పైన ఒక జాలీ, జాలీ మీద పురుగు. ఒకటి రెండు రోజులకి కీళ్ళు వదులవుతాయి. అప్పుడు ఛాతీని చిన్న పట్టకారుతో పక్కల నుంచి మెల్లగా నొక్కితే రెక్కలు వాటంతట అవే తెరుచుకుంటాయి, పైకి ఎండుటాకులా గోధుమరంగులో ఉన్నది లోపల ఒక్కసారిగా నీలంగా విచ్చుకుంటుంది. ఎన్ని చేసినా ఆ క్షణానికి నాకు విసుగు రాలేదు. ఆ తర్వాత సన్నటి స్టీలు పిన్ను ఛాతీ మధ్యలోంచి నిటారుగా దించి, మధ్యలో గాడి ఉన్న బోర్డు మీద గుచ్చి, పై రెక్క కింది అంచు ఒంటికి సరిగ్గా అడ్డంగా వచ్చేదాకా జరపాలి. రెక్కకి చెయ్యి తగలకూడదు, పిన్ను గుచ్చకూడదు, ట్రేసింగ్ పేపర్ పట్టీలు పైన వేసి, పిన్నులన్నీ రెక్క చుట్టూ గుచ్చాలి. వారం పైన కదపకుండా ఉంచితే అలాగే బిగుసుకుపోతుంది.

ఇంకో సంగతి, ఆ నీలం అసలు రంగు కాదు. రెక్క మీది పొలుసుల నిర్మాణం వల్ల వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుందంతే. స్టాల్ దగ్గర పిల్లలు గుమిగూడితే ఒక విరిగిన రెక్క తీసి దాని మీద చుక్క ఆల్కహాల్ వేస్తాను, నీలం కాస్తా ఆకుపచ్చకి తిరుగుతుంది, ఆరిపోగానే మళ్ళీ నీలం. ఈ ఒక్క గారడీతో ఎన్ని ఫ్రేములు అమ్ముడుపోయాయో. కొన్నిసార్లు పొట్టలోని కొవ్వు రెక్కల్లోకి పాకి నల్లగా మరకలు పడతాయి, అప్పుడు మొత్తాన్ని ఎసిటోన్‌లో ముంచి తీయాలి. చూసేవాళ్ళకి గుండె ఆగుతుంది గానీ దానికేం కాదు.

ఇక ఎలుకలు. పెట్ షాపుల్లో పాములకి ఆహారంగా ఫ్రీజర్‌లో పెట్టి అమ్ముతారు, అవే కొంటాను. పాము నోట్లోకి వెళ్ళాల్సినది నా టేబుల్ మీదకి వస్తుంది, అంతే తేడా. కోత పెట్టి చర్మం వలిచేటప్పుడు బోరాక్స్ పొడి చల్లుతూ ఉండాలి, తడి పీల్చుకుంటుంది, వేళ్ళు జారవు. కష్టమంతా ముఖం దగ్గరే. ఎండేటప్పుడు పెదాలూ కనురెప్పలూ పీక్కుపోతాయి, చక్కగా నవ్వుతున్నట్టు పెట్టిన ఎలుక తెల్లారేసరికి పళ్ళికిలిస్తూ కనిపిస్తుంది, అందుకని ఎండినన్ని రోజులూ పూటకోసారి వెళ్ళి సన్నటి పిన్నులతో సర్దుతూ ఉండాలి. లోపల తీగ, దాని చుట్టూ దూది, కళ్ళకి నల్ల గాజు పూసలు. బట్టలు మా ఇంట్లో మిగిలిన జాకెట్టు ముక్కలవి. మంగళగిరి జరీ అంచుతో పంచె కట్టి, చంకలో తోలు తిత్తి పెట్టి, ముక్కు మీద తీగ కళ్ళజోడు దించి కూర్చోబెట్టిన కరణంగారి ఎలుక నా బెస్ట్ సెల్లర్. అమెరికన్లకి కరణం అంటే ఏం తెలుస్తుంది? అకౌంటెంట్ అని చెప్తాను. అకౌంటెంట్లు వచ్చి కొనుక్కెళ్తారు, తమాషా కాదు, నిజంగానే.

జంతువులకి ఇలా మనుషుల వేషం వేయడం ఇంగ్లండ్‌లో వాల్టర్ పాటర్ అనే ఆయన బాగా ప్రసిద్ధి చేశాడు. 1835లో పుట్టి 1918లో పోయాడు, ససెక్స్‌లోని బ్రాంబర్ అనే పల్లెలో సొంత మ్యూజియమే పెట్టాడు. 1890లో చేసిన పిల్లికూనల పెళ్ళి ఒకటుంది, కూనలకి గౌన్లూ కోట్లూ తొడిగి పెళ్ళి పీట ఎక్కించాడు. చేతిపనికి దండం పెట్టాలి గానీ నాకు అది చూస్తే కొంచెం కడుపులో తిప్పుతుంది, అన్ని కూనలు ఎక్కణ్ణుంచి వచ్చాయన్న ప్రశ్న వదలదు. 2003లో ఆ సేకరణంతా వేలంలో తలో దిక్కూ పోయింది.

మా అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్‌లో మొదటిసారి కరణంగారిని చూసినప్పుడు "ఏమే, వినాయకుడి వాహనానికి ఇదేం గతే! ఆ చేతులతోనే దీపం పెడతావా?" అంది. నేను వాదించలేదు. "అమ్మా, తాతయ్య మృదంగం ఇంకా అటక మీదే ఉందా?" అన్నాను. "ఉంది, ఏం?" "దానికి రెండు పక్కలా ఉన్నదేంటమ్మా?" కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీ నోటికి దండం" అని ఫోన్ నాన్నకి ఇచ్చేసింది. డప్పు మీదున్నదీ చర్మమే, నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మలూ చర్మమే, వాటిని రాముడనీ సీతనీ దండం పెట్టుకుంటాం. అమ్మ ఒప్పుకుందని కాదు, ఆ టాపిక్ మళ్ళీ ఎత్తలేదు, నాకు అది చాలు.

చట్టాల విషయానికొస్తే, ఇక్కడే చాలామంది కొత్తవాళ్ళు మునుగుతారు. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ఒకటుంది. దాని ప్రకారం ఇక్కడి అడవి పక్షుల్లో చాలామటుకు వాటి ఈక ఒక్కటి కూడా దగ్గర ఉంచుకోకూడదు, అమ్మడం సరే సరి. నేల మీద దొరికింది, అదే రాల్చుకుంది అన్నా చెల్లదు. కాకి, గద్ద, గుడ్లగూబ, నీలం జే, అన్నీ అంతే, గూళ్ళూ గుడ్లూ కూడా. జరిమానా 15,000 డాలర్ల దాకా, ఆరు నెలల జైలు దాకా ఉంటుంది. దీంట్లోకి రానివి బయటి నుంచి తెచ్చిన పక్షులు: పావురం, ఊరపిచ్చుక, స్టార్లింగ్. ఈ స్టార్లింగ్ మన గోరింకకి చుట్టం, 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కొన్నిటిని తెచ్చి వదిలితే ఇప్పుడు దేశమంతా అవే. అందుకే ఆడిటీస్ షోల్లో ఎక్కడ చూసినా స్టార్లింగులే కనిపిస్తాయి, వాటి మీద ప్రత్యేకమైన ప్రేమ ఎవరికీ లేదు.

నెమలి ఈకల గురించి మనవాళ్ళు అడుగుతుంటారు. ఇక్కడి ఫారాల్లో పెంచిన నెమళ్ళ ఈకలు అమ్ముకోవచ్చు. కానీ ఇండియా నుంచి సూట్‌కేసులో పెట్టుకొచ్చామండీ, మీ దగ్గర పెట్టి అమ్మిపెట్టండి అంటే మాత్రం కుదరదు, నెమలి ఈకల ఎగుమతికి అక్కడి చట్టం ఒప్పుకోదు. పురుగుల్లోనూ చూసుకోవాలి. బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుకలకి సైటీస్ (అంతరించిపోతున్న జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) కాగితాలు కావాలి, వాటిలో అన్నిటికంటే పెద్దది, క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్, అసలు వ్యాపారంలోకే రాకూడదు. నేను సొంతంగా దిగుమతి చేసుకోను, లైసెన్సు ఉన్న హోల్‌సేలర్ దగ్గర కొని, ప్రతి బ్యాచ్‌కీ బిల్లూ దిగుమతి పత్రం కాపీ ఫైల్లో పెట్టుకుని స్టాల్ కింద ఉంచుతాను.

కాగితాలు సరిగ్గా ఉన్నట్టు కనిపించినా నేను ముట్టనిది ఒకటుంది, గబ్బిలాలు. నారింజ, నలుపు రెక్కల గబ్బిలాన్ని ఫ్రేములో బిగించి అమ్మడం ఈ షోల్లో మామూలు. అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. దక్షిణ, ఆగ్నేయ ఆసియా అడవుల్లో ఉంటుంది, మన దేశంలోనూ ఉంది. ఫ్రేము వెనక "ఎథికల్‌గా సేకరించినది" అని స్టిక్కర్ ఉంటుంది. ఎలా సేకరించారంట? గబ్బిలాల ఫారాలు లేవు. ఏడాదికి ఒక్క పిల్లని కనే జంతువుని ఎవరు పెంచి, ఇరవై ముప్పై డాలర్లకి అమ్మగలరు? వలేసి పట్టినవే. ఈ మాట పక్క బూత్‌వాళ్ళతో అన్నందుకు ఒకసారి ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు.

తెలుగువాళ్ళు వస్తుంటారా అంటే, దారితప్పి వచ్చినట్టు వస్తారు. కిందటేడు వసంతకాలంలో ఒక షోలో ఎదురు బూత్ ఆవిడ నక్క తోకలు కీచైన్లుగా అమ్ముతోంది. ఇద్దరు కుర్రాళ్ళు ఆగారు, చూశారు, గుసగుసలాడుకున్నారు, వాళ్ళలో ఒకడు తోక కొని, నేల మీద పరిచి, బూటు విప్పి, కుడికాలితో జాగ్రత్తగా తొక్కాడు. రెండోవాడు ఫోటో తీశాడు. ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది. నేను ఉండబట్టలేక "హెచ్ వన్ లాటరీయా, తమ్ముడూ?" అన్నాను. వాడు సిగ్గుపడిపోయి "అవునక్కా, మూడోసారి, ఇదే ఆఖరి ఛాన్సు" అన్నాడు. వచ్చిందో లేదో తెలియదు, వాడి ఫోన్ నంబరు తీసుకోలేదు.

అందరూ అంత సరదాగా ఉండరు. ఒకాయన, పెద్దమనిషే, చుట్టూ చూసి గొంతు తగ్గించి "హత్తాజోడీ ఉంటుందా అమ్మా, పూజలో పెట్టుకోవడానికి" అని అడిగారు. అది చెట్టు వేరు అని చెప్పి అమ్ముతారు. కాదు, ఉడుము మగ అవయవం కోసి ఎండబెట్టినది. ఆ మాట చెప్తే ఆయన ముఖం చూడాలి. "అండీ, ఇంట్లో ఉందా?" అంటే జవాబు చెప్పకుండా వెళ్ళిపోయారు. ఉడుము మన దేశ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులితో సమానమైన రక్షణ.

పులి అంటే గుర్తొచ్చింది, మైసూరు వాన్ ఇంజెన్ కంపెనీ. ఇరవయ్యో శతాబ్దంలో మహారాజులూ దొరలూ వేటాడిన పులుల్నీ చిరుతల్నీ వేల సంఖ్యలో స్టఫ్ చేసి పంపిన కుటుంబం, 1999 దాకా నడిచింది. ఆ లేబుల్ ఉన్న చిరుత తల ఫోటోలు ఫోన్‌లో చూపించి "మా తాతగారిది, ఎంతొస్తుంది?" అని అడిగే అమెరికన్లు ఉన్నారు. నేను వెల కట్టను. పైగా పాతకాలపు ట్యాక్సిడెర్మీలో చర్మానికి ఆర్సెనిక్ పూసేవారు, కాబట్టి చేతికి గ్లవ్స్ లేకుండా దుమ్ము కూడా దులపొద్దని చెప్పి పంపిస్తాను.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. బూత్ ఫీజు, హోటల్, పెట్రోలు, పార్కింగ్, ప్రతి రాష్ట్రానికీ వేరే టెంపరరీ సేల్స్ టాక్స్ పర్మిట్. శనివారం అమ్మినదంతా ఖర్చులకే సరి, ఆదివారం మిగిలితే లాభం. చిన్న మార్ఫో ఫ్రేము 60 డాలర్లు, ఎలుక 200 పైనే. మనవాళ్ళు "ఫైనల్ ఎంతండీ?" అంటారు. అదే ఫైనల్. ఒక షోలో (పేరెందుకు) నిర్వాహకులు నన్ను సామాను దించే గేటు పక్కన పడేశారు, తలుపు తెరిచినప్పుడల్లా గాలి కొట్టేది, మూడు గాజు డోములు పగిలాయి. అడిగితే కాంట్రాక్టులో చూసుకోమన్నారు, చూసుకున్నా, వాళ్ళదే రైట్. అప్పట్నుంచి డోముల అడుగున మ్యూజియం మైనం అంటించనిదే బయటపెట్టను.

పురుగుల బెడద ఇంకో పక్క. పుర్రెల మీది మాంసం తినిపించడానికి డెర్మెస్టిడ్ పురుగుల్ని పెంచుతాను, మ్యూజియాలూ చేసే పనే, ఉడకబెడితే కొవ్వు ఎముకలోకి ఇంకి పసుపెక్కుతుంది, బ్లీచ్ వేస్తే ఎముక పొడైపోతుంది, ఈ పురుగులు మాత్రం ముక్కులోపలి సన్నటి ఎముకని కూడా చెక్కుచెదరనివ్వవు. తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో వారాల తరబడి నానబెట్టి కొవ్వు దించి, పెరాక్సైడ్‌లో తెల్లబరచడమే. కాకపోతే అవే పురుగులు పని గదిలోకి వచ్చాయంటే కరణంగారిని పంచెతో సహా తినేస్తాయి. అందుకే వాటి షెడ్డు పెరటి చివర, పూర్తయిన ప్రతి బొమ్మా బయటికి వెళ్ళేముందు రెండు వారాలు ఫ్రీజర్‌లో. అమ్మ కలరా ఉండలు వేయమంది. ఆ వాసనకి కొనేవాళ్ళు బూత్ దరిదాపుల్లోకి రారు.

ఇక మనిషి ఎముకలు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో మనిషి పుర్రె కొనడం, అమ్మడం నేరం కాదు, లూసియానా, జార్జియా, టెనెసీ లాంటి కొన్నిచోట్ల ఆంక్షలున్నాయి, ఆదివాసుల అవశేషాలకైతే ఫెడరల్ చట్టం వేరే ఉంది. షోల్లో గాజు బీరువాలో పెట్టి బహిరంగంగానే అమ్ముతారు. "రిటైర్డ్ మెడికల్ స్పెసిమెన్" అని చీటీ ఉంటుంది. రిటైరయిందట! అవి ఎక్కడివో తెలుసా? ఎక్కువభాగం మనవాళ్ళవి. 1985లో భారత ప్రభుత్వం ఎముకల ఎగుమతిని నిషేధించేదాకా ప్రపంచంలో మెడికల్ కాలేజీలకి అస్థిపంజరాలు పంపిన పెద్ద దేశం మనదే, ఆ వ్యాపారానికి కేంద్రం కలకత్తా. శ్మశానాల్లోంచి, అనాథ శవాల్లోంచి, కాల్చడానికి కట్టెలు కొనలేనివాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవి. సంతకం పెట్టి ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

సెయింట్ లూయిస్‌లో ఒకతను షూ పెట్టెలో ఒక పుర్రె తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, రిటైరయిన డెంటిస్టు నాన్న దగ్గర ఉండేదట, కొంటారా అని. పైభాగం రంపంతో గుండ్రంగా కోసి, తీసి పెట్టుకోవడానికి ఇత్తడి కొక్కేలు, దవడకి రెండు పక్కలా స్ప్రింగులు. కింది పళ్ళు చిన్నవి, అరిగిపోయి ఉన్నాయి, రెండు పళ్ళ మధ్య ఎర్రగా మరక, ఏళ్ళ తరబడి వక్కాకు నమిలినవాళ్ళకి పట్టే గార లాంటిది. నేను కొననన్నాను. ఎందుకని అడిగాడు, చెప్పాను. అతను చెడ్డవాడేం కాదు, శ్రద్ధగా విన్నాడు, "మరి దీన్ని ఏం చెయ్యమంటారు?" అన్నాడు. ఏదైనా మెడికల్ కాలేజీ అనాటమీ విభాగాన్ని అడగమన్నాను, లేదంటే దహనం చేసే ఫ్యూనరల్ హోమ్‌ని అడగమన్నాను, ఖర్చులో సగం నేనిస్తానన్నాను కూడా. ఆలోచిస్తానని వెళ్ళాడు. సాయంత్రం చూస్తే రెండు వరసల అవతల బూత్‌లో ఆ ఇత్తడి కొక్కేల పుర్రెకే వెయ్యి డాలర్ల పైన చీటీ అంటించి ఉంది.

అప్పట్నుంచి బూత్ ముందు ఒక బోర్డు పెడుతున్నాను: మనిషి ఎముకలు కొనం, అమ్మం, వెల కట్టం. జనం నిలబడి, మొత్తం చదివి, తల ఊపి, నా వైపు వంగి అడుగుతారు: "పోనీ, పళ్ళు?"